సిపారియా హాల్లో నూనె

ట్రినిడాడ్ దీవి దక్షిణాన సిపారియా అని ఒక చిన్న పట్టణముంది. అక్కడి కాథలిక్ చర్చిలో ఒక అమ్మవారుంది. చర్చిలో అమ్మవారేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఆ అనుమానం ఎటెటు తిరిగి ఎక్కడ ఆగిందో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు. కాథలిక్కులకు ఆమె మేరీమాత, గొర్రెలు కాచే రూపంలో వెలసిన లా దివీనా పాస్తోరా. 18వ శతాబ్దంలో స్పెయిన్ కాపుచిన్ ఫాదర్లు ఆ అడవి ప్రాంతంలో మిషన్ పెట్టిన నాటి భక్తి అది. హిందువులకు ఆమె సోపారీ మాయి. చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన మన దేశస్థులు 19వ శతాబ్దం ముగిసేలోపే ఆమెకు మొక్కుకోవడం మొదలుపెట్టారు. మనిషెత్తు కూడా లేని చెక్క విగ్రహం. నల్లని ఛాయ ముఖం, పట్టు అంగీ, మొక్కుబడిగా వచ్చిన బంగారం. కొందరు కాళి అంటారు, కొందరు దుర్గ అంటారు, లక్ష్మి అనేవాళ్ళూ ఉన్నారు.

ఏడాదిలో రెండుసార్లు ఆమె దగ్గరికి జనం విరగబడతారు. ఈస్టర్ వెళ్ళిన కొన్ని ఆదివారాలకు కాథలిక్కులు ఆమెను ఊరేగిస్తారు. హిందువులేమో గుడ్‌ఫ్రైడే ముందు సాయంత్రం నుంచి గుడ్‌ఫ్రైడే దాకా వస్తారు. క్రీస్తును సిలువ వేసిన నాడు మన జాతర ఏమిటంటే, తోట కూలీలకు సెలవు దొరికేది ఆ రోజే గనక అని అక్కడ చెప్పుకుంటారు. నాకా మాట నచ్చింది. దేవతలు కూడా సెలవు దినం చూసుకునే దర్శనమివ్వాలి మరి.

మావారి ఉద్యోగం వల్ల కొన్నాళ్ళు శాన్ ఫెర్నాండోలో ఉన్నాం. మేం కింద వాటాలో అద్దెకుంటే పై వాటాలో ఇంటావిడ ఉండేది. డెబ్బై దాటిన మనిషి. మనవలు ఆజీ అని పిలిచేవారు, మాకూ అదే అలవాటైంది. ఆమె ముత్తాత కలకత్తా రేవులో ఓడెక్కాడట. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ మొదటి విడత కూలీలను దింపింది. 1917లో ఆ కూలి ఒప్పందాల పద్ధతి ఆగిపోయేలోపు లక్షా నలభై వేలకు పైగా భారతీయులు ఆ దీవికి చేరారు. బానిసత్వం రద్దయ్యాక ఆఫ్రికన్లు వదిలేసిన తోటల్లో పని చెయ్యడానికి తెచ్చిన జనం వీళ్ళు.

ఆజీ పెద్ద కొడుకు ఏటా ఇంట్లో పూజ చేయించి వాకిట్లో వెదురుగడకి కొత్త జెండాలు కడతాడు. కూతురు కెనడా మిషనరీలు పెట్టిన బడిలో చదువుకుని ప్రెస్బిటీరియన్ కుర్రాణ్ణి చేసుకుంది. ఆ మిషనరీలు 1868లో వచ్చి భారతీయుల కోసమే బడులు పెట్టారు, హిందీలో బోధించారు. శాన్ ఫెర్నాండోలో వాళ్ళు కట్టిన పాత చర్చి పేరు ఇప్పటికీ సుసమాచార్. ఇక చిన్న కొడుకు పెళ్ళయిన కొత్తలోనే పెంతెకొస్తు సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఇదేదో అరుదైన కుటుంబం అనుకోనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దేశంలో కాథలిక్కులు 21.6 శాతం, హిందువులు 18.2, పెంతెకొస్తు తరహా సంఘాల వాళ్ళు 12, ముస్లింలు 5. ఎవరికీ పావు వంతు కూడా లేదు. అందరూ మైనారిటీలే అయిన దేశాన్ని మనం ఊహించుకోవడం కూడా కష్టం.

ఆజీ మునిమనవడికి పుట్టువెంట్రుకలు సోపారీ మాయి దగ్గర తీయిస్తామని మొక్కు. “నువ్వూ రా, చూద్దువు గాని” అంది. గుడ్‌ఫ్రైడే తెల్లవారుజామున బయల్దేరాం. పెద్ద కొడుకు దంపతులు, పిల్లవాడు, వాళ్ళమ్మ ముందే వేరే బండిలో వెళ్ళారు. ఆజీని, నన్ను తీసుకెళ్ళింది చిన్న కొడుకు, పెంతెకొస్తు అతను. “నేను లోపలికి రాను. విగ్రహాల సంగతి బైబిల్ ఏం చెబుతుందో మీకు తెలుసు” అని తాళం తిప్పుతూనే చెప్పాడు. “నిన్నెవరు రమ్మన్నారు? నడుపు” అంది ఆజీ. డెబే దాటి పెనాల్ మీదుగా దారి. రోడ్డుకి రెండు వైపులా ఇళ్ళ ముందు ఎరుపు, పసుపు, తెలుపు జెండాలు. ఒకచోట దీపస్తంభానికి పాత ప్యాంటూ చొక్కా తొడిగిన గడ్డిబొమ్మను కట్టేసి పిల్లలు కర్రలతో బాదుతున్నారు. బోబొలీ అంటారు దాన్ని, క్రీస్తును పట్టిచ్చిన యూదాకు పడే దెబ్బలవి. కొట్టే పిల్లల్లో అన్ని మతాల వాళ్ళూ ఉంటారని చిన్న కొడుకు నవ్వుతూ చెప్పాడు. చిన్నప్పుడు తనూ కొట్టాడట.

చర్చిని ఆనుకున్న హాల్లో విగ్రహాన్ని ఉంచారు. బారు వీధిలోకి వచ్చేసింది. చేతుల్లో బియ్యం పొట్లాలు, పూలు, కొవ్వొత్తులు, నూనె సీసాలు. నూనె రకరకాల సీసాల్లో ఉంది. ఆజీ మటుకు రమ్ము సీసా నిండా కొబ్బరినూనె తెచ్చింది. ఓ పక్క మంగళ్ళు బల్లలేసుకుని కూచున్నారు. మా పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే వాళ్ళమ్మ దోసిట్లో జుట్టు పట్టింది. బయట ప్రహరీ పొడుగునా బీదవాళ్ళు గిన్నెలు పట్టుకుని వరుసగా కూచుంటే వచ్చిన ప్రతివాళ్ళూ తలా గుప్పెడు బియ్యం వేస్తున్నారు. నాకు మన ఊళ్ళో ఏ కొండ మెట్ల దగ్గరో ఉన్నట్టనిపించింది.

విగ్రహం దగ్గరికొచ్చేసరికి నా నోరూరుకోలేదు. “ఆజీ, ఇంతకీ ఈమె మేరీమాతా? కాళీయా?” అని చెవిలో అడిగాను. ఆమె నా వైపు చూడనైనా లేదు. “లైన్ కదులుతోంది, నడు” అంది. నూనె పోసింది, పాదాలు తాకి కళ్ళకద్దుకుంది, పిల్లవాడి బోడిగుండును ఆ పాదాలకు ఆనించింది. ఒక్క నిమిషం. వెనకవాళ్ళు తోసుకొస్తున్నారు.

అక్కడే నేలమీద ఒకావిడ మోకాళ్ళ మీద కూచునుంది. ఆఫ్రికన్ సంతతి ఆవిడ, నడివయసు, మెడలో జపమాల, చర్చి వలంటీరు. పోసిన నూనె పళ్ళెంలోంచి పొర్లి పలకరాళ్ళ మీదికి కారుతోంది. ఆవిడ పక్కన ఓ బకెట్టులో రంపపు పొట్టు. గుప్పెడు తీసి చల్లడం, పాత తువ్వాలుతో తుడవడం, మళ్ళీ చల్లడం. ఎవరైనా ముసలివాళ్ళు వస్తే తువ్వాలు వదిలేసి మోచెయ్యి పట్టుకుని ఆ జారుడు దాటిస్తోంది. ఆజీని కూడా అలాగే దాటించింది. పొద్దుణ్ణించీ ఇదేనా అని అడిగితే, “నిన్న రాత్రి నుంచి” అంది. “కొబ్బరినూనె మరీ మొండిది. వేణ్ణీళ్ళకి గాని పోదు.” ఆ మధ్యాహ్నం మూడింటికి ఆవిడకు తన గుడ్‌ఫ్రైడే ప్రార్థన ఉంది. అప్పటికి స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలట.

తిరుగుదారంతా కారులో తగవు. ఆజీ కొడుక్కి ప్రసాదం పెట్టబోయింది. విగ్రహానికి నైవేద్యమైంది తినడానికి తన విశ్వాసం ఒప్పుకోదని అతనన్నాడు. తల్లి పెట్టింది తినకపోవడానికి ఏ విశ్వాసం ఒప్పుకుంటుందని ఆమె. పెనాల్ వచ్చేదాకా ఇద్దరూ ఒకే మాటను ఎన్ని రకాలుగా అనొచ్చో అన్ని రకాలుగా అన్నారు. డెబేలో కారాపి, రోడ్డుపక్క బండి దగ్గర వేడి సహీనాలు, ఫులౌరీలు కొన్నాడు. ముందు తల్లికి పెట్టి తర్వాత తను తిన్నాడు. చింతపండు చట్నీ కారమెక్కువైందని ఇద్దరూ కలిసి బండివాణ్ణి దెప్పారు.

ఆ రాత్రి మా అక్కకు పెద్ద ఉత్తరం రాశాను. ఒకే అమ్మ, రెండు మతాలు, తగాదా లేదు, చూస్తే కడుపు నిండిపోయిందని. అక్క జవాబు పొడిగా వచ్చింది: “బాగుంది. మరి అక్కడ ఎప్పుడూ గొడవల్లేవా?” పాతికేళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పిన మనిషి, అలాగే అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న నా కడుపు నిండిన తృప్తిని తీసేసింది. చూసొచ్చిన వేడుకకు, అక్కడి జనం బతుక్కి మధ్య ఎంత దూరముందో అప్పటికి నేను ఆలోచించలేదు. కరేబియన్ కవి డెరెక్ వాల్కాట్ 1992లో నోబెల్ అందుకుంటూ చేసిన ప్రసంగం ట్రినిడాడ్‌లోని ఫెలిసిటీ అనే పల్లెలో రామలీల చూసిన అనుభవంతో మొదలవుతుంది. తాను దాన్ని నాటకంగా చూశాననీ, వేషం కట్టిన పిల్లలకు అది నమ్మకమనీ ఆయన అందులో చెప్పుకున్నాడు. అదే కరేబియన్‌లో ఇంకో దీవిలో పుట్టిన మహాకవికే అంత దూరమనిపిస్తే మనలాంటి వాళ్ళ సంగతి చెప్పేదేముంది?

అక్క ప్రశ్న మనసులో పెట్టుకుని వాటర్లూ వెళ్ళాను. కరోనీ మైదానంలో, పారియా సింధుశాఖ ఒడ్డున. దారిలో కరాపిచైమాలో 85 అడుగుల హనుమంతుడు కనిపిస్తాడు. మైసూరు దత్తపీఠం గణపతి సచ్చిదానంద స్వామివారు కట్టించిన దత్తాత్రేయ ఆలయం ముందుంటుంది ఆ విగ్రహం. మా బంధువులందరికీ నేను పంపాల్సిన మొదటి ఫొటో అదే. కాని నా కాళ్ళు ఆగింది దాని తర్వాత, సముద్రంలో ఉన్న చిన్న గుడి దగ్గర. శివదాస్ సాధు అనే చెరకు కూలీ 1947లో ఆ ఒడ్డున గుడి కట్టాడు. ఆ నేల చక్కెర కంపెనీది. గుడి తీసెయ్యమంటే తియ్యలేదు. 1952లో పడగొట్టారు, అతనికి 14 రోజుల జైలు, పైగా జరిమానా. నేల మీద చోటు లేకపోతే సముద్రం ఎవరిదీ కాదు గదా అని, సైకిల్ మీద రాళ్ళూ సిమెంటూ బకెట్లతో మోసుకొచ్చి, ఆటుకు నీళ్ళు తీసినప్పుడల్లా కొంచెం కొంచెం నీళ్ళలోకి దారి పరిచాడు. పాతికేళ్ళ పని అంటారు. కెరటాలు తిన్నంత తింటూనే ఉన్నాయి. భారతీయులు వచ్చి 150 ఏళ్ళయిన సందర్భంగా 1995లో ప్రభుత్వమే ఆ గుడిని కొత్తగా కట్టించింది. పడగొట్టిన గుడి మళ్ళీ నిలబడింది. మధ్యలో ఒక మనిషి ఆయుష్షు గడిచిపోయింది.

ఆ తర్వాత మేముండే ఊరి వీధులే నాకు వేరేగా కనిపించసాగాయి. కూరగాయలకు వెళ్ళే సిపెరో వీధి మీదుగానే 1884లో మొహర్రం ఊరేగింపులు వచ్చాయి. అక్కడ దాన్ని హోసే అంటారు. తోటతోటకీ ఇమాం హుస్సేను సమాధికి గుర్తుగా ఒక తాజియా కట్టి, మోసుకొచ్చి సముద్రంలో కలిపేవారు. మోసేవాళ్ళలో హిందువులే చాలామంది. పట్టణంలోకి రాకూడదని వలస ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అక్టోబరు 30న జనం వచ్చారు, పోలీసులు కాల్చారు. కనీసం 16 మంది పోయారు. 

స్పిరిచ్యువల్ బాప్టిస్టుల కథ ఇంకో రకం. ఆఫ్రికన్ ఆరాధనా పద్ధతులూ బైబిలూ కలిసి పెరిగిన విశ్వాసం అది. గంట మోగిస్తారు, బిగ్గరగా పాడతారు, ఆత్మ ఆవహిస్తే ఊగిపోతారు. ఇదంతా అల్లరి అని 1917లో చట్టం చేసి నిషేధించారు. తలకు తెల్లగుడ్డ, చేతిలో గంట, వెలుగుతున్న కొవ్వొత్తి కనిపిస్తే పోలీసులకు అనుమానం. అడవుల్లోకి వెళ్ళి రహస్యంగా ప్రార్థన చేసుకునేవారు. ఎర్ల్ లవ్‌లేస్ ‘ది వైన్ ఆఫ్ ఎస్టానిష్‌మెంట్’ నవల ఆ రోజుల గురించే. 1951 మార్చి 30న చట్టం రద్దయింది. 1996 నుంచి ఆ తేదీ దేశానికంతటికీ సెలవు దినం. హిందూ పద్ధతిలో జరిగిన పెళ్ళికి 1940ల నడిమి దాకా చట్టంలో విలువ లేదు. ఆఫ్రికా దేవతలను కొలిచే ఒరిషా ఆరాధకుల పెళ్ళికి 1999లో గాని ఆ విలువ రాలేదు. దేశపు అత్యున్నత పురస్కారం పేరు ఒకప్పుడు ట్రినిటీ క్రాస్. క్రైస్తవ గుర్తుతో ఉన్న పతకం అందరిదీ ఎలా అవుతుందని కోర్టుకెక్కితే, ఆ పేరూ రూపమూ మారింది 2008లో.

అక్కకు ఇవన్నీ రాసేటప్పుడు నాకే ఒక దిగులు. సిపారియాలో చూసింది మరి ఏమిటి? పండగపూట పెట్టుకునే మర్యాదా? లేక నిజమా?

ఈ దిగులుతోనే ఓ ఆదివారం కాళీ గుడికి వెళ్ళాను. పసుపు బట్టలు, వేపమండలు, పసుపునీళ్ళు, కర్పూరం, నిమ్మకాయలు. డప్పు లాంటి వాద్యం. గర్భగుడి పక్కన మారియమ్మ. ఒకతనికి పూనకం వచ్చింది. వేపమండతో పిల్లలకు దిష్టి తీస్తుంటే నాకు కాళ్ళకింద నేల మా అమ్మమ్మ ఊరిదైపోయింది. 1840ల నుంచీ మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. కలకత్తా వాళ్ళతో పోలిస్తే కొద్దిమంది. భాష మనవల కాలానికే పోయింది. వేపమండ మిగిలింది. ఇంటికొచ్చి సంబరంగా చెబితే ఆజీ ముఖం చిట్లించింది. “అది మద్రాసీ పూజ. కోళ్ళు కోస్తారు, ఊగుతారు. మేం వెళ్ళం.” కాథలిక్ చర్చిలో మేరీమాతకు నూనె పోసే మనిషి, సాటి హిందువుల గుడి గడప తొక్కదు! ఆమెను వేలెత్తి చూపడానికి నాకు నోరు రాలేదు. గంగమ్మ జాతరంటే మా ఇంట్లోనూ చిన్నప్పుడు తలుపులు వేసేవారు. 

ఎన్నాళ్ళో ఈ ముడి విప్పలేక తిరిగాను. ఇన్ని మతాలు పక్కపక్కన ఎలా ఉన్నాయని మనం అడిగినప్పుడు, మనసులో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: దేవుడొక్కడే, పేర్లే వేరు, ఆ సంగతి వాళ్ళకు తెలిసిపోయింది కాబోలు అని. నేనూ అదే జవాబు పట్టుకుని వెళ్ళాను. కాని సిపారియాలో ఆ మాట ఎవరూ అనలేదు. ఆజీ అనలేదు, లైన్ కదులుతోందని మాత్రమే అంది. చిన్న కొడుకైతే దేవుడొక్కడే అంటాడు, ఆ ఒక్కడు తన సంఘంలోని వాడే అంటాడు. నేల తుడిచే ఆవిడను అడిగితే, ఈమె దేవుని తల్లి, మీవాళ్ళు ఇంకేదో అనుకుంటున్నారు అనేది. మనసులో ఎవరి నమ్మకం వాళ్ళదే, అందులో రాజీ ఏమీ లేదు. రాజీ లేకుండానే ఆవిడ రాత్రంతా రంపపు పొట్టు చల్లింది. అతను తెల్లవారుజామున లేచి బండి తీశాడు.

నాకు అప్పటినుంచీ కంటికి ఆనుతున్నది ఈ చాకిరీయే. తనకు నమ్మకం లేని పూజ కోసం, పక్కవాళ్ళ కాలు జారకుండా, మనుషులు చేసే పని. హోసేకు తాజియా భుజాన మోసిన హిందువులకు ఇమాం హుస్సేను ఎవరో పూర్తిగా తెలిసి ఉంటుందా? ఇప్పటికీ సెయింట్ జేమ్స్‌లో, సెడ్రోస్‌లో ఆ ఊరేగింపు జరుగుతుంది. రంగుకాగితాలు అంటించే చేతులు, తాషా డప్పుల కోసం తోలు మంట దగ్గర కాచి బిగించే చేతులు, ఎన్ని మతాలవో. తెలంగాణ పల్లెల్లో పీర్లు ఎత్తుకునే హిందువులను చూసిన మనకిది కొత్తగా అనిపించదు. నమ్మకం ఒక్కటవకుండానే భుజం కలుస్తుంది.

ఇలా అనుకుని ఊరుకుంటే మళ్ళీ అక్క ప్రశ్నే అడ్డొస్తుంది. నేల తుడిచే మంచి మనుషులు 1884లోనూ ఉన్నారు, 1917లోనూ ఉన్నారు. తుపాకి ఆగలేదు, చట్టం ఆగలేదు. వాటర్లూ సాధుకి బకెట్టు అందించిన వాళ్ళు ఎవరో ఉండే ఉంటారు, అయినా జైలు తప్పలేదు. ఇరుగుపొరుగు మంచితనం మీద పూర్తి భారం వేసి, చట్టం సంగతి వదిలేస్తే అది బలహీనుడికి అన్యాయం. సెలవు దినం, పెళ్ళి చట్టం, కోర్టు తీర్పు — ఇవి లేని చోట ఆ వలంటీరు దయ చూపించినంత మేరకే ఆజీకి దారి. ఉన్న చోట ఆజీ హక్కుగా వస్తుంది, ఆవిడ ఇష్టంగా తుడుస్తుంది. రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తేవడానికి ఎవరెవరో జైళ్ళకు వెళ్ళారు.

ఇంకో ముల్లు కూడా ఉంది నాకు. ఆ స్థానంలో నేనుంటే? మా గుమ్మం ముందు నేను నమ్మని పూజకి ఎవరో నూనె ఒలకబోస్తే, తువ్వాలు పట్టుకుని మోకాళ్ళ మీద కూచునేదాన్నా? ఓర్చుకునేదాన్నే అనుకుంటాను. ఓర్చుకోవడం తేలిక, తలుపేసుకుంటే చాలు. వంగి తుడవడం దగ్గరే నా జవాబు తడబడుతుంది. 

దేశానికొచ్చాక ఓ ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకు వెళ్ళాను, మేరీమాత తిరునాళ్ళకి. ఎన్నోసార్లు వెళ్ళిన కొండే. కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు, బొట్టు పెట్టుకుని కొవ్వొత్తులు వెలిగించే ఆడవాళ్ళు. చిన్నప్పుడు ఇది మన పద్ధతా వాళ్ళ పద్ధతా అని మా నాన్నను అడిగి చంపుకుతినేదాన్ని. ఈసారి నా కళ్ళు వేరే వెతికాయి. జుట్టు ఎవరు ఊడుస్తున్నారు, కొబ్బరి చిప్పలు ఎవరు ఎత్తుతున్నారు, వాళ్ళు ఎవరిని మొక్కుతారు, ఎవరు జీతానికి చేస్తున్నారు, ఎవరు మొక్కుకి చేస్తున్నారు. అడిగితే ఒకమ్మాయి చీపురు ఆపకుండానే, “కాస్త పక్కకి నిలబడండమ్మా” అంది.

సిపారియా ఆవిడ సంగతి ఆజీతో నేను మాట్లాడింది అక్కడున్నప్పుడే, ఆ యాత్ర అయిన చాన్నాళ్ళకి. మీరంతా పోసే నూనె ఒకావిడ రాత్రంతా తుడుస్తుంది, మీరు గమనించారా అని. నిష్ఠూరంగా అనిపించిందేమో, మాట్లాడలేదు. మొక్కు మొక్కే, నూనె పోయకపోతే ఎలా అని కాసేపటికి తనలో తనే గొణుక్కుంది. ఆ సంగతి అక్కడితో ఆగిపోయిందనుకున్నాను. తర్వాతి గుడ్‌ఫ్రైడేకి వారం ముందు పైవాటాకి వెళ్తే, వంటింటి బల్ల మీద రమ్ము సీసా బదులు అరచేతిలో ఇమిడే చిన్న సీసా ఉంది, బిగువు మూతది. చిన్న కొడుకే మందుల షాపులో కొనిచ్చాడట. పక్కనే నిలబడి, విగ్రహానికి నూనె పొయ్యొద్దని నీకెన్నిసార్లు చెప్పాలమ్మా అంటున్నాడు. ఆజీ వినిపించుకోకుండా, అందులో ఎన్ని చెంచాలు పడుతుందో కొలుచుకుంటోంది.